డిస్క్ నిండుగా, ఫోల్డర్ ఖాళీగా

సర్వీసు పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "మేడం, మీ ఉద్యోగంలో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని. వాళ్ళకు కావలసింది బ్యాంకు సర్వర్ కుప్పకూలడమో, వైరస్ వచ్చి ఊరంతా ఆగిపోవడమో. నేను మొదలుపెట్టేది ఒక నల్ల డబ్బా గురించి. లావుపాటి పుస్తకమంత ఉంటుంది, అంతే. వినేవాళ్ళ మొహాలు చప్పబడిపోతాయి. పోనీ, నాకేం? నాకు చెప్పాలనుంది, చెప్తాను.

ముందు నా సంగతి. మా నాన్న రైల్వేలో పనిచేస్తూ శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చారు. నేను ఇక్కడి రైల్వే కాలనీలోనే పుట్టాను. ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలో హిందీ, కస్టమర్ దగ్గరకు వెళ్తే రెండూ కాని ఇంకేదో భాష. హార్డ్‌వేర్ కోర్సు చేసి ఒక కంప్యూటర్ దుకాణంలో సర్వీసు పనికి చేరాను, అక్కడే రిటైరయ్యాను. స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని ఒక ఆడది స్కూటర్ మీద ఊరి బయట ఉర్లా ఫ్యాక్టరీలకు వెళ్తుంటే మొదట్లో గేటు దగ్గర ఆపేసి, "ఇంజనీర్ ఎక్కడ?" అని నా వెనక చూసేవాళ్ళు. "ఇంజనీర్ స్కూటర్ దిగుతోంది, కాస్త జరుగు నాయనా" అనేదాన్ని.

దుకాణంలో నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవారు. ఛత్తీస్‌గఢ్ మనిషి, మాట తక్కువ, పాన్ ఎక్కువ. "ముందు తీగ చూడు, తర్వాత దీపం చూడు, తర్వాత అడ్రసు చూడు. మనిషిని అనుమానించడం అన్నిటికన్నా ఆఖరు" అనేవారు. నేను కోపిష్టిదాన్ని కాబట్టి ఆ ఆఖరి ముక్క నాకోసమే చెప్పేవారని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ రోజు శనివారం. పొద్దున్నే ఉర్లా నుంచి ఫోను. ఇనుప షెడ్లు, ట్యాంకులు తయారుచేసే ఫ్యాక్టరీ. వాళ్ళ డ్రాయింగ్ రూములో మేము పెట్టిన నెట్‌వర్క్ హార్డ్ డిస్క్ ఉంది. మీకు తెలిసే ఉంటుంది, ఒక్క కంప్యూటర్‌కు కాకుండా ఆఫీసు నెట్‌వర్క్ తీగకు తగిలిస్తారు, అందరూ అందులోనే ఫైళ్ళు దాచుకుంటారు. వాళ్ళ డ్రాయింగులన్నీ, పాతవీ కొత్తవీ, ఆ డబ్బాలోనే ఉన్నాయి. రెండో కాపీ ఉంచుకోండని ఎన్నిసార్లు చెప్పినా విన్న పాపాన పోలేదు.

ఫోను చేసింది సేఠ్ గారి అన్న కొడుకు. ఆఫీసు వ్యవహారాలన్నీ అతనే చూసేవాడు. "డబ్బా ఖాళీ అయిపోయింది మేడం. ఎవరు చేశారో మాకు తెలుసు. మీరు వచ్చి, చెరిపేశారని రాసిస్తే చాలు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. డాక్టర్ని పిలిచి నాడి చూడకముందే సర్టిఫికెట్ అడిగినట్టుంది. "రాసేది చూశాకే" అని ఫోను పెట్టేసి బయల్దేరాను.

డ్రాయింగ్ రూమంటే షెడ్డు మూల అద్దాలు బిగించి చేసిన గది. లోపలికి వెళ్ళేసరికి తలుపు పక్కన స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆ డ్రాయింగులు గీసేది ఆమే, నాకు బాగా తెలిసిన పిల్ల. వాళ్ళది కరీంనగర్ వైపు. తండ్రి అదే ఫ్యాక్టరీలో ఫిట్టర్లకు మిస్త్రీ. నన్ను చూడగానే లేచి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటైందమ్మా?" అన్నాను.

"అక్కా, నేనేం చెయ్యలే. అమ్మతోడు. నిన్న పొద్దుగాల వచ్చి చూస్తే ఫోల్డర్ల ఒక్క ఫైలు లేదు. పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. గా పాస్‌వర్డ్ నాకు దప్ప ఎవ్వరికి తెల్వది గదా, అందుకే నేనే మార్చిన్నంటున్రు. నిన్న అందరి ముంగట చోర్ అన్నడు సేఠ్."

సంగతి ఇదీ. ఆమెకు నయా రాయపూర్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇక్కడ పని మానేసినట్టు, ఏ పేచీ లేనట్టు కాగితం తీసుకురమ్మన్నారు, పాత యజమానికి ఫోను చేసి అడుగుతామని కూడా చెప్పారు. సేఠ్ గారికి చేతిలో పెద్ద ఆర్డర్ ఉంది, అది అయ్యేదాకా ఉండమన్నాడు. ఆమె కుదరదంది. అంతలో ఇలా జరిగింది. వెళ్ళిపోతూ కోపంతో డ్రాయింగులన్నీ తుడిచేసిందని అన్న కొడుకు తేల్చేశాడు. పోలీసు కంప్లయింటు టైపు చేసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

సేఠ్ గారు మూల కుర్చీలో ఉన్నారు. పెద్దమనిషే, చెడ్డవాడు కాదు, కానీ భయపడ్డ మనిషి ఎవరి మాటైనా నమ్ముతాడు. "బహన్‌జీ, లంచ్ బెల్లు కొట్టేదాకా చూస్తాను. ఆ తర్వాత వీడు స్టేషన్‌కు వెళ్తాడు" అన్నారు.

అద్దం అవతల, షెడ్డులో, ఆమె తండ్రి పనిచేస్తున్నాడు. పనిచేస్తున్నాడని పేరే గానీ, చేతిలో పానా పట్టుకుని గది వైపే చూస్తూ నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆయనా రాలేదు. కూతుర్ని ఈ ఫ్యాక్టరీలో చేర్పించింది ఆయనే.

సరే, పనిలో దిగాను. డబ్బా ఒక ఇరుకు అరలో, ప్రింటరుకూ గోడకూ మధ్య ఇరికించి ఉంది. ముందువైపు దీపం పచ్చగానే వెలుగుతోంది. వెనక తీగను చేత్తో తడిమి చూశాను, గట్టిగానే ఉంది. తీగ మార్చి చూశాను. రెండో చివర వేరే సాకెట్‌లో పెట్టి చూశాను. ఏం తేడా లేదు. కంప్యూటర్లో వెతికితే పాత పేరుతో డిస్క్ కనిపించలేదు. దాని బదులు కొత్త పేరుతో ఒకటి కనిపిస్తోంది, కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే పేరు. తెరిస్తే ఒక్క ఫోల్డర్. అందులో గాలి.

అమ్మాయి చెప్పిన పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. ఇంకోసారి ఆమెనే కొట్టమన్నాను. అప్పుడూ తప్పే. అన్న కొడుకు "హూఁ" అని మూలిగాడు. వాడి మూలుగు వింటే ఒక్కటి ఇద్దామనిపించింది గానీ, మన చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, ప్రమాదం.

అప్పుడు డిస్క్‌లో ఎంత చోటు మిగిలిందో చూశాను. చూసి కుర్చీలో వెనక్కి వాలాను. ప్రాణం లేచొచ్చింది. ఫోల్డర్ ఖాళీగా ఉంది, డిస్క్ మాత్రం దాదాపు నిండుగా ఉంది! ఇంటి ముందు గదిలో ఏమీ లేకపోయినా లోపలి గదిలో సామాను పేర్చి తాళం వేసి ఉన్నట్టు.

"సేఠ్‌జీ, మీ డ్రాయింగులు ఎక్కడికీ పోలేదు. ఇందులోనే ఉన్నాయి. ఎవరూ ఏదీ చెరపలేదు" అన్నాను.

అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. సేఠ్ గారు "హే భగవాన్" అన్నారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను, పిచ్చిదాన్ని. అన్న కొడుకు ఊరుకుంటాడా?

"అంటే దాచేసి తాళం వేసిందన్నమాట. ఇది చోరీ కన్నా ఎక్కువ చాచాజీ. రేపు డబ్బిస్తేనే తెరుస్తానంటుంది" అన్నాడు.

చూశారా? మంచి కబురు కూడా ఆ పిల్ల మెడకే చుట్టుకుంది.

నాకు మాట్లాడాలనిపించినప్పుడు సాధారణంగా ఎవరూ ఆపలేరు, ఆ రోజు మా సీనియర్ మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది కదా, ఊరికే అది కొట్టి చూశాను. తలుపు తెరుచుకుంది. అంటే పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు. డబ్బా పుట్టినప్పటి స్థితికి వెళ్ళిపోయింది. దాన్నే రీసెట్ అంటారని వాళ్ళకూ చెప్పాను. దాంతో పేర్లు పోతాయి, తాళంచెవులు పోతాయి, సామాను అలాగే ఉంటుంది.

అమ్మాయి పేరు మళ్ళీ ఎక్కించి, ఆమె పాస్‌వర్డే మళ్ళీ పెట్టాను. ఫోల్డర్లన్నీ వరసగా వచ్చేశాయి. షెడ్లు, ట్యాంకులు, చిమ్నీలు, పెద్ద ఆర్డర్ తాలూకు బొమ్మలు. సేఠ్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి తెర మీద వేలు పెట్టి మరీ చూసుకున్నారు.

"రీసెట్ ఎలా అవుతుంది మేడం?" అన్న కొడుకు అడిగాడు. తెలివైనవాడే, కాదనను.

"వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పిన్ను పెట్టి నొక్కి పట్టుకోవాలి."

"ఆ సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు? ఈమెకు తప్ప?"

మళ్ళీ మొదటికొచ్చింది. నేను నిజం చెప్పాను, ఆ నిజం పట్టుకెళ్ళి వాడు ఆ పిల్ల మీద వేశాడు. ఆమె ఈసారి ఏడవలేదు. స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇల్లు, బస్సు, ఈ గది, ఇంతే లోకంగా బతికిన పిల్ల. ఒక్క మెట్టు పైకి ఎక్కుతానంటే ఇన్ని చేతులా కాలు లాగడానికి!

పని ముగించేటప్పుడు డబ్బాను ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడడం నా అలవాటు. అలాగే చేశాను. దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది, పచ్చబడింది. కంప్యూటర్లో చూశాను.

కొత్త పేరు. ఒక్క ఫోల్డర్. అందులో గాలి. పాస్‌వర్డ్ తప్పు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. తర్వాత నవ్వొచ్చింది. పైకే నవ్వాను. సేఠ్ గారు నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

"సేఠ్‌జీ, ఇప్పుడు మళ్ళీ రీసెట్ అయింది. మీ కళ్ళ ముందే. ఈ అమ్మాయి ఎక్కడుంది?"

అందరూ స్టూలు వైపు చూశారు. ఆమె అక్కడే ఉంది, గదికి ఆ చివర. డబ్బా ఈ చివర.

"పిన్ను ఎవరు పెట్టారు?"

అన్న కొడుకు డబ్బా వైపు వంగి చూశాడు. నేను కరెంటు తీసేసి, ప్రింటరు పక్కకు జరిపి, డబ్బాను గోడ సందులోంచి బయటకు లాగాను. పొద్దుటి నుంచీ దాని వెనక్కి చెయ్యి పోనిచ్చానే గానీ కళ్ళతో చూడలేదు. పిల్లలూ, ఇది మాత్రం రాసుకోండి. తడిమి చూడడం చూడడం కాదు.

వెనకవైపు బొట్టు పెట్టి ఉంది. సింధూరం, పైన రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. ఒక పక్కన ఎర్ర దారం.

"ఇదేంటి?" అన్నాను.

అమ్మాయి లేచి దగ్గరకు వచ్చింది. "మొన్న విశ్వకర్మ పూజ గదా అక్కా. అన్ని మిషన్లకు బొట్టు పెట్టి బంద్ జేస్తం. దీన్ని గూడ బంద్ జేసి, దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టిన. ముంగట ఏముంటది, నున్నగ నల్లగ. ఎనకకు అయితే సాకెట్లు, రంధ్రాలు ఉండి మొఖం లెక్క అనిపించింది. అందుకే ఎనక దిక్కు ముంగటికి తిప్పి పెట్టిన."

మీరు ఈ ఊరివాళ్ళు కాకపోతే ఒక మాట చెప్పాలి. విశ్వకర్మ పూజ రోజున ఉర్లాలో ఏ యంత్రమూ తిరగదు. లేతు మిషన్‌కూ, క్రేనుకూ, ఆఖరికి గేటు దగ్గరి తూకం కాటాకూ కూడా దండ పడుతుంది. ఈ ఫ్యాక్టరీలో ఇంకో ఆచారం కూడా ఉంది. ప్రతి యంత్రానికీ ఒక అగరుబత్తి వెలిగించి పెట్టాలి. గుచ్చడానికి నట్టు రంధ్రం దొరికితే అందులో, ఏ సందు దొరికితే ఆ సందులో.

టార్చి వేసి ఆ చిన్న రంధ్రంలోకి చూశాను. లోపల ఏదో ఇరుక్కుని ఉంది. ట్వీజర్‌తో పట్టుకుని మెల్లగా లాగితే సన్నటి వెదురు పుల్ల ముక్క బయటకొచ్చింది. ఒక చివర నల్లగా కాలి ఉంది. బత్తి కాలిపోయింది, అడుగు పుల్ల రంధ్రంలోనే మిగిలింది. పూజ అయ్యాక డబ్బాను తిప్పి అరలోకి తోసినప్పుడు గోడ తగిలి ఆ ముక్క పూర్తిగా లోపలికి దిగి బటన్‌ను నొక్కేసింది. అప్పటి నుంచి కరెంటు వచ్చిన ప్రతిసారీ ఎవరో వేలు పెట్టి నొక్కి పట్టుకున్నట్టే. డబ్బా పాపం చెప్పిన పని చేస్తోంది.

పుల్లను బల్ల మీద కంప్లయింటు కాగితం మీదే పెట్టాను. ఇంకా వాసన వస్తోంది.

"డ్రాయింగ్ రూములో అగరుబత్తి ఎవరు పెట్టారు?" అన్నాను.

అమ్మాయికి తెలుసు, కానీ చెప్పలేదు. సేఠ్ గారు ఆ పుల్లను చేతిలోకి తీసుకున్నారు. "నేనే" అన్నారు. "మా నాన్నగారి కాలం నుంచి అన్ని మిషన్లకూ యజమానే తన చేత్తో పెట్టాలని. ఇంకెవర్నీ పెట్టనివ్వను. నేనే పెట్టాను బహన్‌జీ."

అన్న కొడుకు వెంటనే తేరుకున్నాడు. "సర్లే చాచాజీ, చిన్న పుల్ల, ఎవరికి తెలుస్తుంది? ఆమె కాగితం మీద సంతకం పెట్టేసి పంపించేద్దాం. బయట ఏమీ చెప్పొద్దు" అన్నాడు.

ఆ మాటకు నేను ఏమనేదాన్నో నాకే తెలియదు. కానీ సేఠ్ గారు కంప్లయింటు కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి, అన్న కొడుకు చేతిలో పెట్టారు. అమ్మాయికి కావలసిన కాగితం తీసుకుని సంతకం పెట్టారు. దాన్ని పట్టుకుని తలుపు తీసుకుని షెడ్డులోకి నడిచారు. అప్పుడే లంచ్ బెల్లు మోగింది. పనివాళ్ళు టిఫిన్ డబ్బాలు తీసుకుని కూర్చుంటున్నారు. నిన్న ఆమెను దొంగ అన్నది వాళ్ళ ముందే.

ఆయన నేరుగా వెళ్ళి ఆమె తండ్రి ముందు ఆగారు. మేమూ వెనకే వెళ్ళాం.

"మిస్త్రీజీ, మాఫ్ కరో" అన్నారు సేఠ్ గారు, గట్టిగానే. "తప్పంతా నాది. పూజలో అగరుబత్తి పెట్టి ఆ డబ్బాను పాడుచేసింది నేను. నీ బిడ్డ ఏ పాపం ఎరగదు. ఏదీ మనసులో పెట్టుకోకు." కాగితం కూడా తండ్రి చేతికే ఇవ్వబోయారు.

ఆ పెద్దాయన కంగారుపడి రెండు చేతులూ జోడించాడు. "కోయీ..." అని మొదలుపెట్టాడు, కోయీ బాత్ నహీ, పర్లేదు లెండి, అనబోతున్నాడు.

"ఆగు నాయినా" అంది అమ్మాయి.

షెడ్డంతా విన్నది. నేనూ ఉలిక్కిపడ్డాను. పొద్దుటి నుంచీ స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న పిల్ల సేఠ్ గారి ఎదురుగా వచ్చి నిలబడింది. హిందీలో అడిగింది, అక్కడున్న ప్రతివాడికీ అర్థమయ్యేలా.

"సేఠ్‌జీ, మీరు దొంగ అన్నది మా నాన్నను కాదు. నన్ను. చెప్పేదేదో నాకు చెప్పండి."

ఎవరూ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. తండ్రి జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. కూతుర్ని ఆపుతాడేమో, ఊరుకోమని కసురుతాడేమో అనుకున్నాను. ఆయన ఆమె వైపు చూశాడు. సేఠ్ గారి వైపు చూశాడు. చేతులు దించి, ఒక అడుగు పక్కకు జరిగాడు.

సేఠ్ గారు ఆమె వైపు తిరిగారు. ఆయనకు అది తేలిక కాదు, మొహం చూస్తేనే తెలుస్తోంది. "తప్పు చేశాను బేటీ" అన్నారు. "నువ్వు ఏదీ తీయలేదు, ఏదీ దాచలేదు. నేను అడగకుండానే నిన్ను చోర్ అన్నాను. నన్ను క్షమించు." కాగితం ఆమె చేతికి ఇచ్చారు. ఆమె దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుకుని, మడిచి, సంచీలో పెట్టుకుంది. "సరే" అంది. థాంక్యూ అనలేదు. ఎందుకనాలి?

సోమవారం ఆమె నయా రాయపూర్ బస్సెక్కింది. అది తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం మాత్రం నన్ను వెళ్ళనివ్వలేదు, తినిపోవాల్సిందే అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మేం ముగ్గురం తప్ప తెలుగు తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. తండ్రి టిఫిన్ డబ్బా మూత తీస్తూ, కూతురు వినాలనే అన్నాడో, వినకూడదనే అన్నాడో గానీ, నాతో మెల్లగా అన్నాడు.

"చూసినవా అమ్మా? ఇన్నేండ్ల సంది సేఠ్ ముంగట చేతులు కట్టుకునే నిలబడ్డ. గట్ల అడగొచ్చని నాకు తెల్వనే తెల్వదు."

తర్వాత మొదటి రొట్టె తీసి, కూర వేసి, నాకంటే ముందు, తనకంటే ముందు, ఆమె చేతిలో పెట్టాడు.